మూడున్నర వేల టికెట్టు.. కొనాలా, వద్దా?

"అన్నా, బెంగళూరులో రెండు రోజుల డెవలపర్ కాన్ఫరెన్స్ ఉంది. టికెట్ మూడున్నర వేలు. కొనెయ్యనా?"

పోయిన వారం మా కాలేజీ జూనియర్ ఒకడు ఫోన్ చేసి అడిగాడు. బీటెక్ ఫైనలియర్. మూడున్నర వేలతో అయిపోదు కదా. గుంటూరు నుంచి రానూపోనూ బస్సు, రెండు రాత్రులు ఉండటానికి ఎక్కడో ఒక చోటు, తిండి, అక్కడి ఆటో ఛార్జీలు.. అన్నీ కలిపితే ఎనిమిది వేలకు తగ్గదు. ఇంట్లో అడిగితే "ఏ పరీక్ష ఫీజు రా అది?" అంటారట. పరీక్షా కాదు, కోర్సూ కాదు, ఉద్యోగమూ కాదు. మరి ఏమని చెప్పాలి వాడు?

"వెళ్లు రా, ఎక్స్‌పోజర్ వస్తుంది" అనబోయి ఆగాను. ఆ మాట నాకూ ఒకప్పుడు ఎవరో చెప్పారు. నమ్మి వెళ్లాను. ఆ కథ ముందు చెబుతా.

2019లో, ఫైనలియర్‌లో ఉండగా, దాచుకున్న డబ్బుతో ఒక పెద్ద కాన్ఫరెన్స్‌కు వెళ్లాను. రెండు రోజుల్లో పదకొండు టాక్‌లు విన్నాను. వాటిలో తొమ్మిది నాకు అర్థం కాలేదు. అర్థమైన రెండూ అంతకుముందే యూట్యూబ్‌లో చూసినవాటికి దగ్గరగా ఉన్నాయి. లంచ్‌లో ప్లేటు పట్టుకుని గోడ పక్కన నిలబడి ఫోన్ చూసుకున్నాను. అందరూ అందరికీ తెలుసన్నట్టే ఉన్నారు, నాకే ఎవరూ తెలియదు. తిరిగొచ్చేటప్పుడు బ్యాగులో ఉన్నవి ఒక టీషర్టు, లాప్‌టాప్ మీద అంటించుకునే స్టిక్కర్లు ఇరవై దాకా, ఒక నీళ్ల సీసా. లింక్డిన్‌లో ఫొటో పెట్టి "అద్భుతమైన అనుభవం" అని రాశాను. అబద్ధం. టీషర్టు మాత్రం మూడేళ్లు వచ్చింది.

అందుకే జూనియర్‌కి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రశ్న మీలో చాలామందికి ఉండే ఉంటుంది. హైదరాబాద్‌లోనే ఇప్పుడు ఇలాంటి సభలకు కొదవ లేదు. పైకాన్ ఇండియా 2018లో ఒకసారి, 2023లో మరోసారి ఇక్కడ జరిగింది. కుబర్నెటిస్ వాళ్ల కుబ్‌కాన్ మన దేశంలో మొదటిసారి 2024 డిసెంబరులో ఢిల్లీలో జరిగితే, రెండోసారి 2025 ఆగస్టులో మన హెచ్‌ఐసీసీకే వచ్చింది. అంటే 'మన దగ్గర ఏముంటాయి లే' అనుకునే రోజులు పోయాయి. వెళ్లడం వల్ల ఏం దక్కుతుందన్నదే ఇప్పుడు లెక్క.

పాఠాల కోసమైతే అక్కర్లేదు

ఒక విషయం మొహమాటం లేకుండా చెప్పుకుందాం. టాక్‌లు వినడానికే అయితే టికెట్టు దండగ. పేరున్న కాన్ఫరెన్స్‌ల వీడియోలు చాలావరకు కొన్ని వారాల్లో, కొన్నిసార్లు అదే రోజు యూట్యూబ్‌లోకి వచ్చేస్తున్నాయి. పైగా ఇంట్లో అయితే అర్థం కానిచోట ఆపి వెనక్కి తిప్పుకోవచ్చు. హాల్లో కూర్చుంటే అది కుదరదు.

ఎప్పుడూ ఇలా లేదు. యాపిల్ వాళ్ల డబ్ల్యూడబ్ల్యూడీసీ సంగతే చూడండి. 2013లో టికెట్ 1,599 డాలర్లు. అంత ధర పెట్టినా అమ్మకాలు మొదలైన రెండు నిమిషాల్లోపే అయిపోయాయి. మరుసటి ఏడాది నుంచి లాటరీ పెట్టారు. అప్పట్లో ఆ గదిలో ఉండటానికి విలువ ఉండేది. లోపలివాళ్లకు ముందు తెలిసేది, యాపిల్ ఇంజినీర్‌ను ఎదురుగా పట్టుకుని అడిగే వీలుండేది. తర్వాత 2020లో కొవిడ్ వచ్చింది. గూగుల్ ఆ ఏడాది ఐ/ఓనే రద్దు చేసుకుంది. యాపిల్ మొత్తం సభను ఆన్‌లైన్‌లో, అందరికీ ఉచితంగా పెట్టేసింది. కాలిఫోర్నియాలో ఉన్నవాడికీ కాకినాడలో ఉన్నవాడికీ ఒకే సమయానికి ఒకే వీడియో.

అలాగైతే ఈ కాన్ఫరెన్స్‌లన్నీ అక్కడితో ఆగిపోవాలి కదా? ఆగలేదు. ఇబ్బందులు తొలగగానే ఒక్కొక్కటీ మళ్లీ హాళ్లలోకి వచ్చాయి. ఆన్‌లైన్ సభలు నేనూ నాలుగైదు చూశాను. టాక్ బాగానే ఉండేది. అయిపోగానే చాట్‌లో చప్పట్ల బొమ్మలు నాలుగు పడేవి, ట్యాబ్ మూసేసేవాణ్ని. ఒక్క మనిషి కూడా గుర్తులేడు. టికెట్టు డబ్బు దేనికిస్తున్నామో ఆ రెండేళ్లలో తేలిపోయింది. హాలు లోపలి మాటలకు కాదు, బయటి వరండాకు.

టీ లైన్లో దొరికింది

రెండోసారి నేను వెళ్లింది కాన్ఫరెన్స్‌కు కూడా కాదు. 2022లో, మాదాపూర్‌లో ఒక శనివారం మీటప్. ఉచితం. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. మా ప్రాజెక్టులో ఒక జాంగో స్క్రిప్టు ఉండేది. రాత్రిపూట లక్షల వరుసల డేటా చదివి రిపోర్టు తయారుచేయాలి. వారంలో రెండు మూడు సార్లు మధ్యలో పడిపోయేది. 'కర్సర్ లేదు' అని ఒక ఎర్రర్. నా లాప్‌టాప్‌లో నడిపితే ఎంత నడిపినా పడేది కాదు. మూడు వారాలు కొట్టుకున్నాను. మేనేజరు రోజూ ఉదయం స్టాండప్‌లో అడిగేవాడు, నేను రోజూ "చూస్తున్నా సార్" అనేవాణ్ని.

మీటప్‌లో టీ కోసం నిలబడ్డప్పుడు ముందున్నాయనతో మాట కలిసింది. నలభై దాటి ఉంటాయి. నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన సమాధానం చెప్పలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు. "మీ యాప్‌కీ డేటాబేస్‌కీ మధ్యలో ఇంకేమైనా ఉందా?"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. సోమవారం ఇన్‌ఫ్రా టీమ్‌ను అడిగితే ఉందన్నారు. పీజీబౌన్సర్ పెట్టారట, ట్రాన్సాక్షన్ మోడ్‌లో. అది ఒక్కో ట్రాన్సాక్షన్ అయిపోగానే డేటాబేస్ కనెక్షన్‌ను వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మా స్క్రిప్టేమో సర్వర్ వైపు ఒక కర్సర్ తెరిచి, దాన్నుంచి విడతలు విడతలుగా చదువుకుంటోంది. రెండో విడతకు వేరే కనెక్షన్ చేతికొస్తే అక్కడ ఆ కర్సర్ ఉండదు. అంతే. జాంగో సెట్టింగుల్లో ఒక్క లైను మార్చితే సరిపోయింది. ఇది జాంగో డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉంది కూడా. కానీ మధ్యలో పీజీబౌన్సర్ ఉందని తెలియనివాడు ఆ పేజీ ఎందుకు తెరుస్తాడు?

ఇవాళైతే ఆ ప్రశ్న చాట్‌బాట్ కూడా అడగొచ్చు, ఒప్పుకుంటా. ఎర్రర్‌తో పాటు అసలు పరిస్థితి మొత్తం చెబితే బాగానే పట్టుకుంటాయి. నాకు ఆ సాయంత్రం దొరికింది మాత్రం అదొక్కటే కాదు. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషి సమస్యను ఏ చివర నుంచి పట్టుకుంటాడో కళ్లారా చూశాను. నేను కోడ్ చూస్తున్నాను, ఆయన దారి చూశాడు. అప్పటి నుంచి ఏ బగ్ వచ్చినా మొదట మధ్యలో ఏముందో గీసుకుంటాను.

ఆయన తర్వాత వాళ్ల కంపెనీలో నాకు రెఫరల్ కూడా ఇచ్చారు. రెండో రౌండ్‌లో పోయింది. ఇదీ చెప్పాలి, ఎందుకంటే 'నెట్‌వర్కింగ్' అనే మాట చుట్టూ కట్టుకథలు చాలా ఉన్నాయి. పరిచయం తలుపు దాకా తీసుకెళుతుంది. లోపల కోడ్ మనమే రాయాలి.

వరండా విలువకు పెద్ద ఉదాహరణ కావాలంటే 2013 మార్చి, అమెరికాలోని శాంటాక్లారా. పైకాన్‌లో చివర్లో 'లైట్నింగ్ టాక్స్' ఉంటాయి. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, ఎవరైనా ఎక్కొచ్చు. సోలమన్ హైక్స్ అనే ఆయన ఎక్కి తమ చిన్న కంపెనీలో తయారుచేసుకున్న ఒక టూల్ చూపించాడు. దాని పేరు డాకర్. అదే నెలలో ఓపెన్ సోర్స్‌గా విడుదలైంది. ఆ వీడియో ఇప్పటికీ ఉంది, మీరూ చూడొచ్చు. అంతకు నాలుగేళ్ల ముందు, 2009లో బెర్లిన్‌లో జేఎస్‌కాన్ సభలో ర్యాన్ డాల్ నోడ్ జేఎస్‌ను ఇలాగే పరిచయం చేశాడు. ఇవాళ మీ సిలబస్‌లో ఉన్నవి ఒకప్పుడు ఎవరో ఒకరు కాస్త తడబడుతూ చూపించిన డెమోలే. ఆ రోజు అక్కడున్నవాళ్లకు వీడియో చూసేవాళ్ల కంటే ఎక్కువగా దక్కిందేమిటంటే, దిగి రాగానే ఆ మనిషి దగ్గరికెళ్లి "ఇది ఇలా చేస్తే ఏమవుతుంది?" అని అడిగే అవకాశం.

అడగడానికి భయం కదా. నాకూ అంతే. ముఖ్యంగా ఇంగ్లిష్. నేను తెలుగు మీడియం. హైదరాబాద్ సభల్లో వరండా భాష సగం తెలుగే అని తెలిశాక ప్రాణం లేచొచ్చింది. ఇంకో సంగతి కూడా తర్వాతే తెలిసింది. 'రైట్ ది డాక్స్' సభలు నడిపేవారిలో ఒకరైన ఎరిక్ హోల్షర్ 'ప్యాక్‌మ్యాన్ రూల్' అని ఒకటి చెప్పాడు. నలుగురు గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటున్నప్పుడు, పాత వీడియోగేమ్‌లో ప్యాక్‌మ్యాన్ నోరు తెరిచినట్టు, ఒక మనిషి పట్టేంత ఖాళీ ఎప్పుడూ వదిలి నిలబడాలి అని. చాలా కమ్యూనిటీ సభల్లో మొదటిరోజే దీన్ని మైకులో చెబుతారు. ఆ ఖాళీ మీ కోసమే. ఈసారి గోడ పక్కన నిలబడకండి.

ఎవరి సభ అది?

అన్ని కాన్ఫరెన్స్‌లూ ఒకటి కావు. టికెట్ కొనేముందు చూడాల్సిన మొదటి విషయం ఇదే.

కంపెనీలు నడిపేవి ఒక రకం. ఏడబ్ల్యూఎస్ వాళ్ల రీఇన్వెంట్ ఏటా లాస్ వెగాస్‌లో జరుగుతుంది, టికెట్టే రెండు వేల డాలర్లు దాటుతుంది. అక్కడ వినిపించేది ఆ కంపెనీ సరుకు గురించే. తప్పు లేదు, మీ ఉద్యోగం ఆ సరుకు మీదే అయితే పనికొస్తుంది. కానీ ఆ డబ్బు కంపెనీ కట్టాలి, మీరు కాదు. రెండో రకం కమ్యూనిటీ సభలు. పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులో మొదలైనప్పటి నుంచి వాలంటీర్ల చేతుల మీదుగానే నడుస్తోంది. బ్రస్సెల్స్‌లో ఏటా ఫిబ్రవరి ప్రాంతంలో జరిగే ఫాస్‌డెమ్‌కైతే టికెట్టే లేదు, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. నడుచుకుంటూ లోపలికి వెళ్లడమే.

కమ్యూనిటీ సభ అయినా ఖర్చులో పెద్ద వాటా స్పాన్సర్లదే అవుతుంది. స్టాల్‌లో టీషర్టు ఇచ్చే ముందు మీ బ్యాడ్జి మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తారు చూడండి, మీ మెయిల్ ఐడీ వెళ్లిపోయింది. తర్వాత ఆరు నెలలు సేల్స్ మెయిళ్లు. అందుకే ఆ రోజు టీషర్టు ఉచితం అనుకున్నాను కానీ కాదు.

ఇక మూడో రకం, దీని గురించి కాస్త గట్టిగా చెప్పాలి. "మిమ్మల్ని అంతర్జాతీయ సదస్సుకు స్పీకర్‌గా ఎంపిక చేశాం" అని మెయిల్ వస్తుంది. మీరు ఏ ప్రతిపాదనా పంపలేదు. కింద చిన్న అక్షరాల్లో రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటుంది. నాకు ఇంజినీరింగ్ చదివేటప్పుడే వచ్చింది. మా క్లాసులో ముగ్గురు డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఒక చిన్న హాలు, పదిమంది జనం, ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు, ఎవరూ ప్రశ్న అడగలేదు. ఆ సర్టిఫికెట్ గురించి ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదని ముగ్గురూ చెప్పారు. స్పీకర్ దగ్గరే డబ్బు తీసుకుని, ప్రతిపాదనను ఎవరూ చదవని చోటు కాన్ఫరెన్స్ కాదు, దుకాణం.

పేరున్నవాటిలోనూ కళ్లు తెరుచుకోవాల్సిందే. 2023 నవంబరులో డెవ్‌టెర్నిటీ అనే ఆన్‌లైన్ సభ వెబ్‌సైటులో లేని మహిళా స్పీకర్ల ప్రొఫైళ్లు పెట్టారని బయటపడింది. మహిళలకు చోటిచ్చామని చూపించుకోవడానికి కల్పిత మనుషులు! అసలు స్పీకర్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు, సభ రద్దయింది. ఆ ప్రొఫైళ్లను ఎవరో ఒకరు వెతికి చూసేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. కాబట్టి స్పీకర్ల జాబితాలో ముగ్గురి పేర్లు తీసుకుని వెతకండి. వాళ్ల కోడ్, పాత టాక్‌లు కనిపిస్తున్నాయా? కిందటేడాది వీడియోలు ఉన్నాయా? అమ్మాయిలైతే ఇంకొకటి కూడా చూడండి. ప్రవర్తనా నియమావళి ఉందా, ఇబ్బంది ఎదురైతే ఎవరికి చెప్పాలో మనిషి పేరు, ఫోన్ నంబరుతో సహా రాశారా. ఇంట్లో ఒప్పించడానికి కూడా ఆ పేజీ పనికొస్తుందని మా టీమ్‌లో ఒకామె చెప్పింది.

డబ్బు ఎవరిది?

నా లెక్క ఇది. ఉద్యోగం ఉంటే ముందు మేనేజరును అడగండి. లెర్నింగ్ బడ్జెట్ అని ఒకటి చాలా కంపెనీల్లో ఉంటుంది, అడగనివాళ్లకు ఎవరూ పిలిచి ఇవ్వరు. లేఆఫ్‌ల కాలంలో దాన్ని కోసేస్తున్నారన్నదీ నిజమే. అయినా అడిగితే పోయేదేముంది? "వెళ్లొచ్చి టీమ్‌కు గంటసేపు చెబుతాను" అని కలిపితే ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది. నాకు రెండుసార్లు పనిచేసింది, ఒకసారి చేయలేదు.

విద్యార్థులైతే సొంత డబ్బుకు చేయి పెట్టకముందు ఆర్థిక సాయం పేజీ చూడండి. పైకాన్ ఇండియాకు ఉంది. కుబ్‌కాన్‌కు డాన్ కోన్ పేరు మీద స్కాలర్‌షిప్ ఉంది. డెబియన్ వాళ్ల డెబ్‌కాన్ 2023లో కొచ్చిలో జరిగింది, అక్కడ ప్రయాణం, బస, భోజనాలకు కూడా సాయం కోరవచ్చు. మనవాళ్లు 'మనకెందుకు ఇస్తారులే' అని అప్లయ్ చేయరు. ఈ సాయాలకు మార్కులతో పనిలేదు. మీరేం చేశారు, వచ్చి ఏం చేస్తారు అన్నది నాలుగు నిజమైన వాక్యాల్లో రాయాలి, అంతే. ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో డాక్యుమెంటేషన్ తప్పు దిద్దినా అది చెప్పుకోదగ్గ పనే. గడువు మాత్రం సభకు నెలల ముందే ముగిసిపోతుంది, అక్కడ దెబ్బతింటారు.

అమెరికా సభలకు సొంతంగా వెళ్లే ఆలోచన ఉంటే, విద్యార్థి దశలో వద్దనే చెబుతా. విమాన ఛార్జీల దాకా వద్దు, బీ1/బీ2 వీసా దరఖాస్తు ఫీజే 185 డాలర్లు. తిరస్కరిస్తే వెనక్కి రాదు.

అన్నిటికంటే మంచి దారి వాలంటీరుగా వెళ్లడం. రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర బ్యాడ్జీలు పంచేవాడికి స్పీకర్లందరూ తెలుస్తారు. మాట కలపడానికి సాకు వెతుక్కోవాల్సిన పని లేదు, వాళ్లే వచ్చి "హెచ్‌డీఎంఐ కేబుల్ ఉందా?" అని అడుగుతారు. టాక్‌లు కొన్ని పోతాయి. పోనివ్వండి, అవి యూట్యూబ్‌లో వస్తాయి.

మరి ఉద్యోగం వస్తుందా అంటే.. రెజ్యూమెలో 'ఫలానా కాన్ఫరెన్స్‌కు హాజరయ్యాను' అన్న లైనుకు విలువ సున్నా. మా టీమ్‌లో ఇంటర్వ్యూలకు నేనూ రెజ్యూమెలు చూస్తాను, ఆ లైను దగ్గర నా కన్ను ఆగదు. 'ఫలానా సభలో మాట్లాడాను, వీడియో ఇదిగో' అంటే ఆగుతుంది. 'అక్కడి స్ప్రింట్‌లో ఈ ప్రాజెక్టుకు ఈ ప్యాచ్ పంపాను' అంటే తెరిచి చూస్తాను. స్ప్రింట్ అంటే ఆ ప్రాజెక్టు రాసినవాళ్ల పక్కనే కూర్చుని కోడ్ రాయడం. పైకాన్ లాంటి సభల్లో టాక్‌లతో పాటు ఇవి కూడా పెడతారు. జనం టాక్‌లకు ఎగబడి వీటిని వదిలేసి బస్సెక్కుతారు. నన్నడిగితే రెండిట్లో ఒకటే కుదిరేట్టుంటే టాక్‌లు మానుకుని దీనికి వెళ్లండి.

నాకు ఒక ప్రశ్న కూడా లేకుండా వెళ్లడమే నా మొదటి తప్పని ఇప్పుడు అనిపిస్తుంది. 2019లో నేను ఏ ప్రాజెక్టూ సొంతంగా చేయలేదు. చేయనివాడికి ఎదురుదెబ్బలుండవు, ఎదురుదెబ్బలు లేనివాడికి అడగడానికి ఏముంటుంది? 2022 నాటికి మూడు వారాలుగా నిద్ర పట్టనివ్వని బగ్ ఒకటి చేతిలో ఉంది. తేడా సభలో లేదు.

అందుకే జూనియర్‌కి రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి అడిగాను. "ఇప్పుడు నువ్వు ఏం కడుతున్నావు? ఎక్కడ ఆగిపోయావు?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, హాస్టల్ మెస్‌కు ఒక యాప్ చేస్తున్నాడని, ఫోన్లో నెట్ లేనప్పుడు పెట్టిన టోకెన్లు నెట్ వచ్చాక రెండేసి సార్లు నమోదవుతున్నాయని చెప్పాడు. మంచి సమస్య. పెద్ద పెద్ద పేమెంట్ యాప్‌లు కూడా తలపట్టుకునే సమస్యే.

"బెంగళూరు టికెట్ అప్పుడే కొనకు. రెండో శనివారం హైదరాబాద్‌లో మీటప్ ఉంది, ఉచితం. రాత్రి బస్సెక్కి రా, మా రూమ్‌లో పడుకో. యాప్ లాప్‌టాప్‌లో పెట్టుకుని రా. లైట్నింగ్ టాక్‌కు నీ పేరిస్తాను, అయిదు నిమిషాలు. ఆ రెండేసి టోకెన్ల సంగతే చెప్పు" అన్నాను.

"తెలుగులో చెప్పొచ్చా అన్నా?" అన్నాడు.

ఆర్గనైజర్‌ను అడిగాను. చెప్పొచ్చన్నారు.